తెల్ల బెండ్లు

నూకరత్నం ఎర్రతాడును మణికట్టు నుంచి విప్పి గురువు ముందు ఇసకలో పెట్టింది. పెట్టిన చెయ్యి వణుకుతోంది. రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు రెండూ వణికాయి.

"నాను ఇంక బండి ఎక్కనండి గురువుగోరూ," అంది.

సూరాడ బైరాగి తలెత్తలేదు. జెట్‌స్కీని ఒక పక్కకి ఒరిగించి, దాని పొట్టకింద నీళ్ళు పీల్చుకునే జల్లెడలో ఇరుక్కున్న వలపోగుల్ని ఒక్కొక్కటే లాగి పారేస్తున్నాడు. ఆ పని అయ్యేదాకా ఆయన ఎవరితోనూ మాట్లాడడు. కలెక్టరు వచ్చి నిలబడినా అంతే.

గెడ్డ, అంటే వాగు, వచ్చి సముద్రంలో కలిసే చోటు కాబట్టి ఆ ఊరికి గెడ్డరేవని పేరు. ఒకప్పుడు అక్కడ వలలు, తెప్పలు, ఎండుచేపల వాసన తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు సెలవురోజు వస్తే చాలు, రోడ్డు పొడుగునా కార్లే. అలా వచ్చినవాళ్ళని వెనక కూర్చోబెట్టుకుని సముద్రంమీద ఒక చుట్టు తిప్పి తీసుకురావడానికి నాలుగు జెట్‌స్కీలు ఉన్నాయి. ఊళ్ళో అందరూ వాటిని బండ్లనే అంటారు.

ఆ బండ్లు నడపడం నేర్పేది బైరాగి. పేరుకే బైరాగి గానీ, ఇంటినిండా భార్య, ముగ్గురు కూతుళ్ళు, ఎవరి మాటా వినని ఒక మేక. ముప్ఫయ్యేళ్ళు తెప్పమీద వేటకి వెళ్ళాడు. తర్వాత మునిగిపోతున్నవాళ్ళని పైకి లాగే పనిలో ఉన్నాడు. ఆ తర్వాత ఈ బండ్లు వచ్చాయి. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఈ తీరం పొడుగునా ఉన్నారు. కనిపిస్తే ముందు వంగి దణ్ణం పెడతారు, ఆయన అటు తిరగగానే ఆయన పాఠం చెప్పే తీరుని తిట్టుకుంటారు.

ఎందుకంటే ఆ పాఠం నోటితో తక్కువ. తాడు చేతికి ఎందుకు కట్టుకోవాలని ఒకడు ఎకసెక్కంగా అడిగాడట. తాడు ఒక కొస మనిషి చేతికి, రెండో కొస బండికి. మనిషి నీళ్ళలో పడితే తాడు ఊడొస్తుంది, ఇంజను ఆగిపోతుంది. ఇంతే సంగతి. ఇది చెప్పకుండా బైరాగి వాణ్ణి మనిషన్నవాడు లేని చోటికి తీసుకెళ్ళి, తాడు లేకుండా బండి నడపమని, నడుస్తున్న బండిమీంచి నీళ్ళలోకి దూకమన్నాడు. వాడు దూకాడు. బండి ఆగలేదు. తనపాటికి తాను మెల్లగా పోతూనే ఉంది. వీడు వెనకాల ఈదుతున్నాడు. అందేలాగే ఉంటుంది, అందదు. ఇంకో బండిమీద కూర్చుని బైరాగి తాటిముంజలు తింటూ చూశాడు. ఎప్పటికో వాడు అలిసి చేతులు వేలాడేశాక, వాణ్ణి పైకి లాగి తాడు చేతిలో పెట్టాడు. వాడు మళ్ళీ జన్మలో ఏమీ అడగలేదు.

మొదటిరోజు ఆ తాడు బైరాగే స్వయంగా కడతాడు. తిరిగి ఇచ్చేసినవాళ్ళకి మళ్ళీ కట్టడని తీరమంతా ఒక మాట ఉంది. నూకరత్నానికి ఆ మాట తెలుసు. తెలిసే తెచ్చి పెట్టింది.

ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. గరికినవాళ్ళ అమ్మాయి. గెడ్డరేవులో బండి నడిపే ఆడపిల్ల ఆమె ఒక్కతే. నడక రాకముందే ఈత వచ్చిందని వాళ్ళమ్మ చెప్పుకుంటుంది. అది అబద్ధమని ఊరందరికీ తెలుసు, కానీ ఆ పిల్ల ఈదుతుంటే చూసినవాళ్ళు ఆ అబద్ధాన్ని నమ్మేస్తారు. పాఠాలు కూడా అందరికంటే ముందు ఆమే అప్పజెప్పింది. బండికి బ్రేకు లేదు. వెనకనుంచి నీళ్ళు చిమ్ముతున్నంతసేపే హ్యాండిలు మాట బండి వింటుంది. ఎక్సలేటరు వదిలేస్తే హ్యాండిలు తిరుగుతుంది గానీ బండి తిరగదు. కాబట్టి ఎదురుగా ఏదైనా వస్తే, వదలకుండా నొక్కి ఉంచి పక్కకి తిప్పాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇదంతా తనే నేర్పేది. నేర్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం ఉండేది. ఉంటే తప్పేముంది, వచ్చిన విద్యే కదా అనుకునేది.

ఆ గర్వానికి మొన్న ఆదివారం సాయంత్రం నూకలు చెల్లాయి.

బైరాగి ఆఖరి పోగు లాగేసి, బండిని నిలబెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. ఇసకలో ఉన్న తాడు వంక చూశాడు.

"ఏటయింది?"

"నా సెయ్యి నా మాట విననేదండి."

ఆయన ఇసకలో కూర్చున్నాడు. ఆమె నిలబడే చెప్పింది.

ఆదివారం ఆఖరి చుట్టు. వెనక ఒక పట్నం కుర్రాడు. చుట్టు తిరగడం అయిపోయింది, ఒడ్డుకి వచ్చేస్తున్నారు. ఉన్నట్టుండి ఎదురుగా నీళ్ళలో ఒక తల. బట్టతల. ఎవరో పెద్దాయన, టైరు ట్యూబులో చంకలు ఆనించుకుని, అటు తిరిగి ఆకాశం చూసుకుంటున్నాడు. నొక్కి ఉంచు, పక్కకి తిప్పు అని నూకరత్నానికి లోపల వినిపించింది కూడా. తన గొంతుతోనే వినిపించింది. కానీ వేలు ఎక్సలేటరు మీటని వదిలేసింది. హ్యాండిలు మొత్తం తిప్పేసింది. హ్యాండిలు తిరిగింది. బండి మాత్రం ముక్కు మార్చకుండా ఆ తలవైపే జారుకుంటూ పోయింది. అప్పుడిక చూడటం తప్ప ఆమె చెయ్యగలిగింది ఏమీ లేదు. కళ్ళు మూసుకుందామన్నా మూతపడలేదు.

పక్కనుంచి వచ్చిన ఏ అలో కాస్త నెట్టింది. బండి ఆయన భుజానికి జానెడు ఎడంలో దాటిపోయింది.

దాటిపోయాక ఆయన తిరిగి చూశాడు. నవ్వాడు. చెయ్యి ఊపాడు. సరదాకి దగ్గరగా వచ్చిందనుకున్నాడు. వెనక కుర్రాడు ఈల వేసి, "సూపర్ మేడమ్! ఇంకోసారి!" అని భుజం తట్టాడు.

ఎవరూ అరవలేదు. ఎవరూ తిట్టలేదు. ఎవరైనా ఒక చెంపదెబ్బ కొట్టినా బాగుండేదనిపించింది ఆమెకి. రెండ్రోజులుగా అన్నం ముద్ద ఎత్తితే ఆ బట్టతలే. కళ్ళు మూస్తే ఆ నవ్వు, చేతి ఊపు, ఆ తర్వాత మొన్న జరగనిది జరుగుతుంది. వాళ్ళమ్మ దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసింది. ఘాటుకి ఇల్లంతా దగ్గింది గానీ భయం మాత్రం ఇంట్లోనే ఉంది.

"మలుపు నాకు తెలీదేటండి? పదిమందికి నేర్పినాను," అంది నూకరత్నం. "తలకి తెలిసింది సేతికి తెలీదేటి? ఈ బయ్యం పోయేలాగ ఏదైనా సెయ్యండి. పోకపోతే నాను ఎక్కను. ఒక మనిషిని సంపీసినాక దిగడం కన్నా ఇప్పుడే దిగిపోతాను."

చెప్పింది అంతా నిజమే. అయితే ఒక సంగతి చెప్పలేదు. చెప్పలేదని ఆమెకి తెలుసు.

బైరాగి తాడు తీసి మడిచి, లుంగీ మడతలో దోపుకున్నాడు.

"తేలే జాకెట్టేసుకో."

"బండి ఎక్కనన్నాను కదండీ."

"బండి నానెక్కుతాను. నువ్వు నీళ్ళలోకి దిగు."

అది మంగళవారం పొద్దున్న. ఒడ్డున మనుషులు లేరు. స్నానాలు చేసేవాళ్ళకోసం పాతే ఎర్రజెండాలు కూడా ఇంకా పాతలేదు. బైరాగి అయినా రెండువైపులా చాలాసేపు చూశాడు. తర్వాత సముద్రం వైపు చూపించి, మామూలుగా అన్నాడు.

"ఆ మనిషి ఎక్కడున్నాడో అక్కడికెల్లి ఉండు."

నూకరత్నం చెప్పని సంగతి అదే.

ఒడ్డునుంచి బాగా లోపలికి, తీరం పొడుగునా, తెల్ల బెండ్లు తేలుతుంటాయి. వలకి కట్టేవాటి లాంటివే. అడుగున రాయి, పైన బెండు. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, ఒకటి మరీ దూరంగా, వంకరటింకరగా ఉంటాయి. ఎవరు కట్టారోగానీ వాళ్ళకి వరస తెలీదని నూకరత్నం చేరిన మొదటిరోజే నవ్వుకుంది. ఆ బెండ్లు దాటి ఒడ్డువైపు వచ్చాక బండి మనిషి నడిచినంత మెల్లగానే రావాలి. ఎవరున్నా, ఎవరూ లేకపోయినా సరే. ఇది బైరాగి కట్టడి. ఆదివారం బెండ్లు దగ్గరపడుతుంటే వెనక కుర్రాడు, "ఎవరూ లేరుగా మేడమ్, నొక్కండి!" అన్నాడు. నూకరత్నం చూసింది. స్నానాలవాళ్ళందరూ దూరంగా జెండాల మధ్యే ఉన్నారు. ఈ పక్కన ఎవరూ లేరు. నొక్కింది.

ఆమె నీళ్ళలోకి దిగి ఈదుకుంటూ వెళ్ళింది. ఎదర తెల్ల బెండ్లు ఊగుతున్నాయి. వాటిని దాటి అవతల ఆగి, ఇక్కడేనని చెప్పొచ్చు. ఎవరు చూశారు? ఇంకాస్త ఈదితే చాలు. ఆ ఆలోచన వచ్చినందుకే ఒళ్ళు చల్లబడింది. బెండ్లకి చాలా ఇవతలే, ఆ పెద్దాయన ఉన్న చోటే, ఆమె చేతులు ఆగిపోయాయి.

బైరాగి బండిమీద నడకవేగంతో వచ్చి కాస్త దూరంలో ఆగాడు. ఆమెని చూశాడు. వెనక్కి తిరిగి బెండ్లని చూశాడు.

"ఇక్కడేనా?"

"ఇక్కడేనండి." అంది నూకరత్నం. "గురువుగోరూ, ఆ రోజు నాను బెండ్లు దాటినాక కూడా..."

"కనబడతంది కదా."

బైరాగి ఆమె జాకెట్టు వైపు వేలు చూపించాడు.

"జాకెట్టుకి ఈల ఉంది," అన్నాడు బైరాగి. "నాను అల్లంత దూరం ఎల్లి, తిరిగి నీకేసి వస్తాను. బయ్యమెయ్యగానే ఊదు. ఊది సెయ్యెత్తు. ముందూ కాదు, ఎనకా కాదు. ఎయ్యగానే."

"మీరు నడుపుతుంటే నాకు బయ్యమేటండి?"

ఆయన బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. బెండ్లు దాటాక ఇంజను గొంతు మారింది. చూస్తుండగానే బండి ఈగంత అయింది.

నూకరత్నానికి ఈదడం తెలుసు. మునగడం తెలుసు. అడుగునుంచి ఇసక పట్టుకొచ్చి పందెం గెలవడం తెలుసు. ఏమీ చెయ్యకుండా, దేనికోసమో కాచుకుని, నీళ్ళలో ఒకేచోట ఉండటం మాత్రం ఎప్పుడూ లేదు. కన్ను నీటికి జానెడు ఎత్తులో ఉంది. అల లేస్తే ఎదురుగా గోడ. అల దిగితే బండి కనిపిస్తుంది. మళ్ళీ గోడ. ఈసారి గోడ దిగేసరికి బండి ఇందాకటి చోట లేదు. ఎడమన ఉందనుకుంటే కుడివైపు తేలింది. చెవులు నీళ్ళలో మునిగినప్పుడల్లా ఆ చప్పుడు సన్నగా, గీరినట్టు, అన్నివైపులనుంచీ ఒకేసారి వస్తోంది. పళ్ళలోకి దిగుతోంది. తను ప్రతిరోజూ చేసే చప్పుడే అది. ఇలా ఉంటుందని తెలీదు.

ఈల నోట్లోనే ఉంది. ఊదలేదు. గరికినవాళ్ళ పిల్ల నీళ్ళలో భయపడిందని అనిపించుకోవడం ఎలా? బండి దగ్గరపడింది. ముక్కు పెద్దదైంది. బెండ్లకి ఇంకా అవతలే ఉండగా బైరాగి తనంతట తనే పక్కకి తిప్పి, వెడల్పుగా చుట్టు తిరిగి, ఇంజను తగ్గించుకుని మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"ఊదనేదేటి?"

"బయ్యమెయ్యనేదండి."

ఆమె పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. బైరాగి వాటివంకే చూశాడు.

"నీ దైర్యం సూడ్డానికి దించనేదమ్మా. ఆ రోజు ఆ మనిషికి ఊదడానికి ఈల నేదు. ఆయన తరపున ఊదు." బండి తిప్పబోయి ఆగాడు. "ఆయన ఎటు తిరిగి ఉన్నాడు?"

"అటండి. ఒడ్డుకేసి."

"నువ్వూ అటే తిరుగు."

నూకరత్నం బండికి వీపు పెట్టి తిరిగింది.

అప్పుడు తెలిసింది, ఇందాకటిది భయమే కాదని. ఎదురుగా ఒడ్డు ప్రశాంతంగా ఉంది. ఇసకలో ఒక కుక్క పడుకుంది. దూరంగా ఎవరో వల విదిలిస్తున్నారు. వాళ్ళెవరికీ ఏమీ తెలీదు. వెనకాల చప్పుడు మొదలైంది. ఎంత దూరమో తెలీదు. తనకేసి వస్తోందా, పక్కకి పోతోందా తెలీదు. నడిపేది బైరాగే అని తనకి తాను చెప్పుకుంది. ముప్ఫయ్యేళ్ళ సముద్రం అని చెప్పుకుంది. వీపు వినలేదు. మెడమీద వెంట్రుకలు లేచాయి. ఆ పెద్దాయన ఇలాగే ఉన్నాడు. ఆకాశం చూసుకుంటున్నాడు. ఆయనకి ఇంట్లో ఎవరున్నారో. సాయంత్రం టీ తాగుదామనుకున్నాడేమో. చప్పుడు పెరుగుతోంది. తన వీపు వెనక ఉన్నది తనే. ఎవరూ లేరుగా అనుకుని నొక్కుతున్న తనే.

ఈల ఊదింది. ఊపిరంతా పెట్టి ఊదింది. చెయ్యెత్తింది, ఊదుతూనే ఉంది.

ఇంజను ఆగిపోయింది.

అంతా నిశ్శబ్దం. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగింది. తిరిగి, గొంతులో ఈల ఇరుక్కుపోయినట్టు నిలిచిపోయింది. ఇంజను ఆగింది గానీ బండి ఆగలేదు. చప్పుడు లేకుండా, నీళ్ళని చీల్చుకుంటూ, సూటిగా తనకేసే జారుకుంటూ వస్తోంది. బైరాగి రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు, సూడు నాను ఏటీ సెయ్యటం నేదు అన్నట్టు. వస్తోంది. ఇంకా వస్తోంది. తెల్ల బెండ్లు దాటి కూడా వచ్చింది. చివరికి అలిసిపోయి, తల వంచుకుని, ఆమెకి చాలా దూరంలోనే ఆగింది. అక్కడ ఆగుతుందని బైరాగికి ముందే తెలుసు. తెలీని ఆమెకి ఆ కాసేపూ ఒక జన్మంత పట్టింది.

"అటు సూడు," అన్నాడు బైరాగి.

ఆయన వెనకాల, అల్లంత దూరాన, ఒక కొత్త బెండు తేలుతోంది. ముందే రాయి కట్టి ఉంచుకున్నదాన్ని ఈల వినగానే పడేసినట్టున్నాడు. పాతవాటితో కలిసి ఊగుతోంది.

"మొన్న బండిమీద కూకున్నప్పుడు నీకు బయ్యం ఎక్కడేసింది?"

ఆమె చూపించింది. బైరాగి బండిని అక్కడికి నడిపించుకొచ్చి ఇంకో బెండు వేశాడు. అది ఆమెకి ఎంత దగ్గరంటే, నాలుగు బారలు ఈదితే అందుతుంది.

అప్పుడు తాడుచుట్ట తీశాడు. వేటకి వెళ్ళేవాళ్ళు లోతు చూసే తాడు అది. రెండు చేతులూ బార చాపినంత దూరానికి ఒక ముడి. కొస ఆమె చేతికిచ్చి, దగ్గరి బెండుదాకా కొలిచాడు. నాలుగు ముళ్ళు. దూరపు బెండుదాకా తాడు వదులుతూ పోయాడు. ముడి తర్వాత ముడి ఆమె వేళ్ళమధ్యనుంచి జారుతూనే ఉంది. నలభై మూడు.

తిరిగి వచ్చి దగ్గరి బెండుని రాయితో సహా పైకి లాగేశాడు. నీళ్ళు కారుతున్న దాన్ని బండిలో పడేశాడు. దూరపుదాన్ని అక్కడే ఉంచాడు.

"నీ సెయ్యి తప్పు సెయ్యనేదమ్మా," అన్నాడు. "నాలుగు బారల్లో ఎవుడి సెయ్యైనా ఒగ్గేస్తాది. నాదైనా అంతే."

నూకరత్నం ఆ తెల్ల బెండ్ల వంక చూస్తూ ఉండిపోయింది. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. వాటి మధ్య తనది. ఇంత కాలం వరస తెలీనివాడు ఎవడో కట్టాడనుకుంది.

"ఇవన్నీ..."

"అది ఎల్లాజీది," బైరాగి వేలు చూపించాడు. "ఆ పక్కది సింహాచలంది. మూడేళ్ళకితం తాడు తెచ్చి నా మొహాన ఇసిరీసినాడు. అది రాజులుది. ఆడికి బయ్యమెక్కువ, అందుకే ఆడి బెండు అంత లోపల."

ఎల్లాజీ, సింహాచలం, రాజులు. తీరం మొత్తంమీద వాళ్ళకంటే బాగా బండి నడిపేవాళ్ళు లేరు.

"ఈళ్ళందరూ తాడు తిరిగి ఇచ్చినోళ్ళేనా?"

"అందరూ."

"మరి ముందే, నేర్పినప్పుడే ఈ పని సేయించొచ్చు కదండీ?"

"మొదట్లో సేయించినాను, తరవాత మానీసినాను. బయ్యం తెలీకముందు ఎవుడూ ఊదడు. ఇందాక మొదటిసారి నువ్వు ఊదినావేటి?"

ఆమె మళ్ళీ బెండ్లకేసి చూసింది. అన్నిటికన్నా దూరంగా, మిగతావాటితో సంబంధం లేనట్టు, ఒక్కటే బెండు తేలుతోంది. తెల్లరంగు పోయి పాచి పట్టి ఉంది.

"అదెవరిదండి?"

బైరాగి దాన్ని చూడలేదు. అది ఎక్కడుందో ఆయనకి చూడాల్సిన పని లేనట్టుంది.

"నాది."

ఆయనని నీళ్ళలోకి ఎవరు దించారో, ఏం జరిగాక దించారో అడగాలనిపించింది. ఆయన మొహం చూశాక నోరు రాలేదు.

ఒడ్డుకి చేరాక ఇద్దరూ బండిని ఇసకలోకి లాగారు. నూకరత్నం పళ్ళు ఇంకా టకటకమంటున్నాయి. జాకెట్టు విప్పుతూ, దాదాపు పోట్లాడుతున్నట్టు అంది.

"బయ్యం పోయేలాగ సెయ్యమన్నాను నాను. ఇప్పుడు ఇంకా ఎక్కువైపోనాది."

"పోగొట్టడం నాకు రాదు," అన్నాడు బైరాగి. "జరపడం వొచ్చు."

లుంగీ మడతలోంచి ఎర్రతాడు తీసి, పొద్దున్న ఆమె పెట్టిన చోటే ఇసకలో పెట్టాడు. మళ్ళీ బండి పొట్టకింద తలపెట్టి జల్లెడ చూసుకోవడం మొదలుపెట్టాడు. అది ఆయన ఎవరితోనూ మాట్లాడని పని.

కడతాడేమోనని ఆమె కాసేపు నిలబడింది. కట్టలేదు. తీరంలో చెప్పుకునే మాట నిజమే. తిరిగి ఇచ్చినవాళ్ళకి బైరాగి మళ్ళీ కట్టడు.

నూకరత్నం వంగి తాడు తీసుకుంది. ఒంటిచేత్తో, పళ్ళతో పట్టుకుని, మూడోసారికి ముడి పడింది.

తర్వాత ఆదివారం రేవు కిక్కిరిసిపోయింది. సాయంత్రం ఆఖరి చుట్టుకి ఒక కొత్త పెళ్ళికొడుకు వెనక ఎక్కాడు. ఒడ్డున నిలబడి ఫోనులో వీడియో తీస్తున్న భార్యకి తన శౌర్యం చూపించాలని ఆయన సరదా. చుట్టంతా కేకలు వేస్తూనే ఉన్నాడు. తిరిగి వస్తుంటే దూరాన తెల్ల బెండ్లు కనిపించాయి. వాటిలో ఒకటి ఇంకా కొత్తగా మెరుస్తోంది.

అది ఇంకా చాలా దూరంలో ఉండగానే నూకరత్నానికి మెడమీద వెంట్రుకలు లేచాయి. వేలు మీటమీద మెల్లగా సడలింది. బండి ముక్కు దించుకుని, జారి జారి, బెండు దగ్గరికి వచ్చేసరికి నడకలో పడింది.

"అదేంటి మేడమ్, ఆపేశారు?" పెళ్ళికొడుకు గొంతులో వీడియో పాడైపోయిన బాధ. "ఇక్కడ్నుంచే కదా స్పీడుగా వెళ్ళాలి! ఎదురుగా ఎవరూ లేరు కూడాను."

నూకరత్నం చూసింది. స్నానాలవాళ్ళందరూ దూరంగా జెండాల మధ్యే ఉన్నారు. ఈ పక్కన నీళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఒక అల లేచి దిగింది.

"ఉన్నారండి," అంది.

ఆయన ఆమె భుజంమీంచి మెడ సాచి వెతికాడు. "ఎవరు?"

"నాను," అంది నూకరత్నం.